క్యారవాన్‌లో కోస్తా చిన్న ఊళ్లు: రాత్రి బండి ఎక్కడ నిలపాలి

మీ ప్రశ్న ఇదీ: మియాపూర్‌లో ఉండే దంపతులు, పది రోజుల సెలవు. జనవరిలో క్యారవాన్ అద్దెకు తీసుకుని సూర్యలంక నుంచి భీమిలి దాకా తీరం వెంట వెళ్లాలని, ప్రతి రాత్రీ అలల పక్కనే బండి నిలిపి పడుకోవాలని కోరిక. కుదురుతుందా, ఎలాంటి బండి తీసుకోవాలి, ఏం చూసుకోవాలి అని అడిగారు. మా ఆయనా నేనూ ఏళ్ల తరబడి ఆ తీరం వెంట ఇలాగే తిరుగుతున్నాం కాబట్టి వివరంగా రాస్తాను. యాత్ర చక్కగా కుదురుతుంది. కాకపోతే రెండు మార్పులు చేసుకోండి. భీమిలిని ఇంకోసారికి ఉంచుకోండి. బండిని సముద్రం ఒడ్డున కాకుండా ఊళ్లో నిలపండి.

ఒడ్డున ఎందుకు వద్దో చెప్తాను. క్యారవాన్ అంటే మూడు నాలుగు టన్నుల బరువు. తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి నాలుగు బారలు ఇసుకలోకి పోనిస్తే చాలు, వెనక చక్రాలు తమ గుంత తామే తవ్వుకుంటాయి. సెలవు రోజుల్లో బీచ్‌ల దగ్గర ట్రాక్టరు కట్టి లాగించుకునే కార్లు కనిపిస్తూనే ఉంటాయి. నీళ్ల ట్యాంకూ బ్యాటరీలూ మంచాలూ మోసే బండికి ట్రాక్టరు చాలదు, జేసీబీ కోసం వెతుక్కోవాలి. ఇక పోటు. సముద్రం ఆరు గంటల పైచిలుకులో పాటు నుంచి పోటుకు వస్తుంది, అమావాస్యకూ పున్నమికీ ఇంకా పైకి ఎక్కుతుంది. సాయంత్రం నీళ్లు అల్లంత దూరాన ఉన్నాయని ధీమాగా నిలిపిన చోటికి అర్ధరాత్రి అల వస్తుంది. చీకటి పడ్డాక అక్కడ దీపం ఉండదు, పిలిస్తే పలికే మనిషి ఉండరు. పోలీసులు తలుపు తట్టి వెళ్లిపొమ్మంటారు, అది వాళ్ల బాధ్యత. మరొకటి నాకు చాలా ముఖ్యమైనది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వెలుగూ అలికిడీ ఉంటే పెట్టకుండానే వెనుదిరుగుతాయి. తర్వాత గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు కాకుండా దీపాల వైపు నడిచి చచ్చిపోతాయి. ఆ చీకటిని వాటికి వదిలేయాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు కారణం ఒక ఎత్తు. కెరటం సూర్యలంకలోనూ పేరుపాలెంలోనూ ఒకేలా విరుగుతుంది. ఊళ్లు మాత్రం దేనికదే. బాపట్ల పొద్దు వేరు, బందరు పొద్దు వేరు. రాత్రి ఊళ్లో పడుకున్నవాళ్లకే తెల్లవారుజామున గుడి మైకు, పాల క్యాన్ల చప్పుడు, మొదటి ఇడ్లీ వాయి దొరుకుతాయి. చాలామంది ఊరిని బైపాస్ మీంచి దాటేసి, బీచ్‌లో ఫోటో దిగి, రిసార్టులో పడుకుని వచ్చేస్తారు. క్యారవాన్ ఉన్నవాళ్లు కూడా అదే చేస్తే అంత డబ్బు పోసి బండి తీసుకోవడం దేనికి?

ఊళ్లో అంటే ఎక్కడ? కల్యాణ మండపం. ఇది మేం బాగా అలవాటుపడిన పద్ధతి. ప్రతి చిన్న ఊళ్లోనూ ప్రహరీ ఉన్న మండపం ఒకటైనా ఉంటుంది. లోపల బోరు, మరుగుదొడ్లు, గట్టి కరెంటు లైను, వాచ్‌మన్ ఉంటారు. ముహూర్తాలు లేని రోజుల్లో ఆవరణంతా ఖాళీ. పుష్యమాసం శూన్యమాసం, పెళ్లిళ్లు ఉండవు. సముద్ర తీరం హాయిగా ఉండే చలికాలమూ అదే. పంచాంగం తీసి, మీరు వెళ్లే ఏడాది సంక్రాంతి తర్వాత పుష్యం ఎన్నాళ్లు మిగిలిందో చూసుకోండి. మాఘం పడితే మండపాలు నిండిపోతాయి, అప్పుడు సత్రాల ఆవరణలు, పర్యాటక శాఖ హరిత రిసార్టుల పార్కింగు అడగాలి. మండపానికి వెళ్లి వాచ్‌మన్‌తో కాకుండా యజమానితో ఫోన్‌లో మాట్లాడండి. "అండీ, మేం హైదరాబాద్ నుంచి వచ్చాం, భార్యాభర్తలం, రెండు రాత్రులు బండి పెట్టుకుంటాం, కరెంటుకూ నీళ్లకూ మీరు చెప్పినంత ఇస్తాం" అంటే కాదనేవాళ్లు అరుదు. వాచ్‌మన్‌కు విడిగా ఇవ్వండి, వాళ్లావిడను పలకరించండి. ఆ తర్వాత మీ బండికి అంతకంటే మంచి కాపలా ఉండదు. చీకటి పడకముందే స్థానిక పోలీసు స్టేషన్‌లో ఒక మాట చెప్పి రావడం మంచిది. ఇద్దరి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి.

సంక్రాంతికి ముందు విజయవాడ రోడ్డు ఎక్కకండి. పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరడం మీకు తెలిసిందే. కనుమ దాటాక బయలుదేరితే జనమంతా హైదరాబాద్‌కు తిరిగివస్తుంటారు, మీరు ఎదురు దిశలో ఖాళీ రోడ్డు మీద వెళ్తారు. నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి వెళ్లే రోడ్డు నాకిష్టం. అక్కడి నుంచి చీరాల దగ్గరే. మొత్తం మీద 300 కిలోమీటర్ల పైమాట. క్యారవాన్‌ను కారులా తోలకండి, ఆ రోజంతా ప్రయాణానికే పెట్టుకోండి.

చీరాల చేరాక మీకు దారి 216 నంబరు జాతీయ రహదారి. ఒంగోలు నుంచి చీరాల, బాపట్ల, రేపల్లె, బందరు, నరసాపురం, అమలాపురం, యానాం, కాకినాడ మీదుగా కత్తిపూడి దాకా తీరానికి దగ్గరగా సాగే రోడ్డు అది. పది రోజుల్లో దాన్ని మొత్తం చుట్టేయొచ్చని మీకు అనిపిస్తుంది. వద్దు. చీరాల, బందరు, నరసాపురం అని మూడు మజిలీలు పెట్టుకోండి, ఒక్కోచోట రెండు మూడు రాత్రులు ఉండండి. మిగిలిన రోజులు రానూ పోనూ.

చీరాల మజిలీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నాకు ఆ ఊరంటే అంత ప్రేమ. నేత ఊరు. పేరాల వీధుల్లో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, కుప్పడం చీరలు అక్కడివే. 1921లో పురపాలక పన్నుకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు మీద చీరాల పేరాల జనం ఇళ్లకు తాళాలు వేసి, ఊరి పొలిమేర అవతల రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు పాకల్లో బతికారు. ఇల్లు వదిలి నాలుగు రాత్రులు బయట ఉండటానికి మనం ఎన్ని సరంజామాలు చూసుకుంటున్నామో కదా, ఆ ఊళ్లో తిరిగేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. పక్కనే వేటపాలెం. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది, దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కట్టలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. ఒక మధ్యాహ్నం పూర్తిగా దానికి ఇవ్వండి. వస్తూ వస్తూ వేటపాలెం జీడిపప్పు కొనుక్కోండి. ఇంకాస్త దక్షిణంగా మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు రక్షణ ఇస్తూ వేయించిన అభయ శాసనం ఉన్న రేవు. ఇప్పుడు రేవు లేదు, గుడీ ఇసుకా ఉన్నాయి. చినగంజాం ఉప్పు కొటార్లు దారిలోనే కనిపిస్తాయి.

సముద్రం? చీరాల నుంచి వాడరేవు ఆటోలో పావుగంట. పొద్దున్నే వెళ్తే వేట నుంచి బోట్లు వచ్చి, ఒడ్డు మీదే చేపల పాట జరుగుతుంటుంది. ఒక చందువానో వంజరమో కొనుక్కోండి, బండిలో మాత్రం వండకండి. చేపల పులుసు వాసన పరుపుల్లోంచి వారమైనా పోదు. ఊళ్లో ఏదైనా మెస్‌లో ఇస్తే వండి పెడతారు, వాళ్ల చేతి పులుసు మనకు రాదు కూడా. సూర్యలంకకు బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, వారం మధ్యలో వెళ్లండి. అక్కడా, రామాపురంలోనూ ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఈత ఎంత బాగా వచ్చినా మోకాళ్లు దాటి వెళ్లొద్దు.

అక్కడి నుంచి బందరుకు 100 కిలోమీటర్లకు అటూఇటూ. పెనుమూడి, పులిగడ్డ మధ్య కృష్ణ మీద వంతెన దాటితే దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయిన నేల అది. అవనిగడ్డలో టీ తాగుతూ పెద్దవాళ్లను పలకరిస్తే, ఆ రాత్రి గురించి అడగకపోయినా వాళ్లే చెప్తారు. వినండి. బందరులో బండి నిలిపి, మంగినపూడి ఒడ్డుకు ఒక సాయంత్రం, పెడనకు ఒక పగలు కేటాయించండి. పెడనలో కలంకారీ అద్దకం చూడాలి. టేకు అచ్చులు, కరక్కాయ, పటిక, ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసే నల్లరంగు. అద్దిన బట్టను పారే నీళ్లలో జాడిస్తారు. బండిలో వాడిన సబ్బు నీళ్లు కాలవలోకి వదలొద్దని గట్టిగా చెప్పేది అందుకే. ఆ నీళ్ల మీద ఒకరి బతుకు ఆధారపడి ఉంది. తొక్కుడు లడ్డు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది నరసాపురం. గోదావరి గట్టు, లేసు అల్లే ఆడవాళ్లు, సాయంత్రం రేవు. వశిష్ఠ గోదావరి మీద అవతలి సఖినేటిపల్లికి పంటు తిరుగుతుంది, కార్లూ వ్యాన్లూ ఎక్కుతాయి. క్యారవాన్ ఎక్కించాలని సరదా పడొద్దు. పోటుపాట్లను బట్టి ర్యాంపు వాలు మారుతుంటుంది, వెనక చక్రాల తర్వాత పొడవు ఎక్కువున్న బండి అడుగు నేలకు రాసుకుంటుంది. బండిని ఊళ్లో వదిలేసి మీరిద్దరూ మనుషుల టికెట్టుతో దాటండి, అవతల ఆటో ఎక్కి అంతర్వేది వెళ్లండి. నరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, నది సముద్రంలో కలిసే చోటు చూసుకుని చీకటి పడేలోగా వెనక్కి వచ్చేయండి. మీ తేదీలు మాఘంలోకి జరిగితే భీష్మ ఏకాదశి ఎప్పుడో చూసుకోండి. అంతర్వేది తీర్థం రోజుల్లో ఆ రేవు నేల ఈనినట్టు ఉంటుంది.

ఇప్పుడు బండి. హైదరాబాద్‌లో క్యారవాన్ కావాలని ఫోన్ చేస్తే సినిమా షూటింగులకు తిరిగే బండ్లు కూడా చూపిస్తారు. అవి నటీనటులు పగలు కూర్చోవడానికి, మేకప్ వేసుకోవడానికి కట్టినవి. పెద్ద అద్దాలు, మంచి సోఫాలు ఉంటాయి గానీ కరెంటు జనరేటరు మీద. రాత్రంతా జనరేటరు మోగిస్తే చిన్న ఊళ్లో ఎవరు ఊరుకుంటారు? మీకు కావాల్సింది ఇద్దరు పడుకునే మంచం, వంటగట్టు, లిథియం బ్యాటరీ, బయటి కరెంటు తీసుకునే ప్లగ్గు, అన్ని కిటికీలకూ దోమల జాలీ ఉన్న బండి. జాలీ లేకపోతే గోదావరి జిల్లాల్లో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేరు. టెంపో ట్రావెలర్ మీద కట్టినది సరిపోతుంది, బస్సు మీద కట్టినది వద్దు. పైన ఏసీతో కలిపి ఎత్తు ఎంతో టేపుతో కొలిచి, కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. రైలు పట్టాల కింది దారులు, వీధుల్లో వేలాడే తీగలు ఆ అంకెను రోజూ గుర్తుచేస్తాయి.

డబ్బు కట్టే ముందు ఆర్‌సీ చూడండి. మామూలు వ్యాన్‌ను షెడ్డులో మార్చేసి, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కొస్తుంది. క్యారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా భద్రతా ప్రమాణమే ఉంది, ఆ మాట అడగండి. డ్రైవరుతో వచ్చే బండికి పసుపు ప్లేటు, మీరే నడుపుకునేదానికి నలుపు మీద పసుపు అక్షరాల ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు బండి అద్దెకు ఇస్తామంటే వద్దనేయండి. ఆంధ్రలో తిరుగుతారు కాబట్టి ఆలిండియా టూరిస్టు పర్మిట్ కూడా చూసుకోవాలి. లైసెన్సు సంగతి: 7,500 కిలోలు దాటని రవాణా వాహనాలను ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది.

అద్దె మాట్లాడేటప్పుడు అందరూ రోజువారీ రేటు మీద బేరమాడతారు. అసలు డబ్బు పోయేది కనీస కిలోమీటర్ల దగ్గర. బయటి ఊళ్ల ప్రయాణానికి రోజుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క కడతారు, మీరు బండి కదపకపోయినా ఆ డబ్బు ఇవ్వాలి. రెండు రాత్రులు ఒకేచోట ఉండే మనలాంటివాళ్లకు అది నష్టం. పది రోజులకూ కలిపి మొత్తం కిలోమీటర్లు ఇన్ని అని రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూడండి.

డ్రైవరుతో వెళ్తే ఆయన రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది బయలుదేరకముందే తేలాలి. ముందు సీట్లో ముడుచుకుని పడుకుంటాడులే అని యజమాని అంటాడు. ఒప్పుకోవద్దు. మీ ఇద్దరికీ ఏకాంతం ఉండదు, ఆయనకు నిద్ర ఉండదు, నిద్రలేని మనిషి చేతిలో మర్నాడు మీ ప్రాణాలు ఉంటాయి. ప్రతి ఊళ్లోనూ దగ్గరలో లాడ్జి గది తీసివ్వండి. బండి ఊళ్లో నిలపడం వల్ల ఇదీ సులువవుతుంది.

కరెంటు లెక్క సులభమే. 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో పట్టేది సుమారు రెండున్నర యూనిట్లు. చిన్న ఫ్రిజ్ రోజుకు అర యూనిట్, రెండు చిన్న ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే మరో అర యూనిట్. ఆ లెక్కన ప్లగ్గు దొరకకపోయినా రెండు రోజులు గడుస్తుంది. ఒక టన్ను ఏసీ గంటకే ఒక యూనిట్ పైన లాగుతుంది, రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. జనవరి రాత్రుల్లో తీరాన ఏసీ అవసరం రాదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, పొగ లోపలికి చేరితే లేచేవాళ్లు ఉండరు. గ్యాస్ సిలిండర్ కదిలేటప్పుడు కట్టేసి ఉండాలి.

నీళ్లు ఇద్దరికీ పొదుపుగా వాడినా స్నానాలతో కలిపి రోజుకు 50 లీటర్లు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ట్యాంకులో పోసే ముందు నాలుక మీద వేసుకుని చూడండి. తాగడానికి వాటర్ ప్లాంట్ల 20 లీటర్ల క్యాన్లు వేరుగా పెట్టుకోండి. బండిలోని మరుగుదొడ్డి డబ్బా ఇద్దరికి రెండు రోజులకు నిండుతుంది. దాన్ని మండపంలోని మరుగుదొడ్డిలోనే, అడిగి, ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి రండి. ఆడవాళ్లకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద సుఖం ఆ చిన్న గదే. 216 మీద గంటల తరబడి వెళ్లినా శుభ్రమైన మరుగుదొడ్డి దొరకని రోజులు నాకు తెలుసు. ఆ బాధ లేకపోవడమే నన్ను ఈ బండికి అలవాటు చేసింది.

వాతావరణం కోసం దూరం వెళ్లక్కర్లేదు. దేశం మొత్తానికి సముద్రం సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ కేంద్రం మన ప్రగతినగర్‌లోనే ఉంది, మీ మియాపూర్ పక్కన. ఎత్తైన అలల హెచ్చరికలు వాళ్లవే. బయలుదేరే ముందూ, అక్కడ రోజూ పొద్దున్నా చూసుకోండి. తుపాన్ల కాలం ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనవరిలో ఆ భయం బాగా తక్కువ. ఎప్పుడు వెళ్లినా సరే, మచిలీపట్నం పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వింటే బండిని గుంటూరు వైపో విజయవాడ వైపో తిప్పేయండి.

ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు చెప్తాను, మాకు పనికొచ్చింది. ఈ రాత్రి ఎక్కడ ఉండాలన్నది ఒకరు తేల్చాలి, ఏం తినాలన్నది ఇంకొకరు. మజిలీ మారినప్పుడల్లా పని మార్చుకోండి. ఎదుటివాళ్ల నిర్ణయం నచ్చకపోతే ఆ రాత్రికి ఊరుకోవాలి. బండి వెనక్కి తీసేటప్పుడు ఒకరు కచ్చితంగా దిగి వెనక నిలబడాలి, చేతి సైగలు ముందే అనుకోవాలి. సాయంత్రం ఒక గంట ఎవరి దారిన వాళ్లు ఊళ్లో తిరిగి రండి. మంచం అంత జాగాలో పది రోజులు ఉన్నాక, ఆ గంటలో చూసినవి చెప్పుకోవడానికే రాత్రి భోజనం సరిపోతుంది.

తిరుగుదారి నరసాపురం నుంచి భీమవరం, విజయవాడ మీదుగా 400 కిలోమీటర్ల పైనే. ఒక్క రోజులో ముగించొద్దు, విజయవాడలో ఒక రాత్రి ఆగండి. భీమవరంలోనే సర్వీసింగ్ షెడ్డులో బండి అడుగుభాగం, ఏసీ వెనక జాలీ మంచినీళ్లతో కడిగించేయండి. ఉప్పు ఎన్నాళ్లుంటే అంత తినేస్తుంది, బండి అప్పగించేటప్పుడు తుప్పు మీ ఖాతాలో రాస్తారు. బయలుదేరే రోజు బండిని తీసిన వీడియో, తిరిగొచ్చిన రోజు తీసిన వీడియో రెండూ డిపాజిట్ చేతికొచ్చేదాకా దాచుకోండి. బండి ఖాయమయ్యాక దాని పొడవు, ఎత్తు చెప్తే ఏ ఊళ్లో ఏ వీధి నుంచి లోపలికి రావాలో చెప్తాను.